వానలో సైకిలు, ఒంటిమీద గుడ్డ: తూకాలు, కుట్లు, కారిన చోట్లు

విజయవాడ నుంచి మంగళగిరి, గుంటూరు, చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంక బీచి. దాదాపు 95 కిలోమీటర్లు. రాత్రికి బాపట్లలో పడక, మర్నాడు తిరుగు ప్రయాణం. వెళ్ళాలంటే వానాకాలంలోనే వెళ్ళాలి, మే నెలలో ఆ దారిన సైకిలు తొక్కమంటే నావల్ల కాదు. సైకిలు గురించి ఇందులో పెద్దగా ఏమీ ఉండదు. ఏం తొడుక్కున్నాను, ఎక్కడ కారింది, ఎందుకు మార్చాను, అంతే.

సామాను: 1 గ్రాము తేడా కూడా చూపే వంటింటి డిజిటల్ కాటా, టైలరు టేపు, ఒక నోటుబుక్కు. బయల్దేరేముందు చొక్కా, నిక్కరు కలిపి తూచడం, ఇంటికి రాగానే పిండకుండా మళ్ళీ తూచడం. ఆ రెండూ పొడిగా ఉంటే 312 గ్రాములు. కింద వచ్చే లెక్కలన్నీ ఈ 312 మీదే.

దశ 1: స్కూటరు రెయిన్‌కోటు

బీసెంట్ రోడ్డులో కొన్న జత, కోటు, ప్యాంటు. 1,150 రూపాయలు, 890 గ్రాములు. జులై మొదట్లో ముసురు పట్టిన రోజు ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట ఎక్కి, కొంతదూరం పోయి వెనక్కి తిరిగాను. రానూపోనూ 18 కిలోమీటర్లు, 1 గంట 10 నిమిషాలు.

ఇంటికొచ్చి కోటు విప్పితే లోపల కూడా వాన పడ్డట్టే ఉంది. చొక్కా, నిక్కరు 548 గ్రాములు తూగాయి. అంటే 236 గ్రాముల నీళ్ళు. కోటు కారుతోందని కొట్టువాడి మీదికి పోబోయి, ఎందుకో ఆగాను. ఆ నీళ్ళు వానవా, నావా?

తేల్చుకోడానికి మూడురోజుల తర్వాత, చుక్క వాన లేని సాయంత్రం, అదే కోటూ ప్యాంటూ బిగించుకుని అదే దారిలో అంతేసేపు తొక్కాను. బ్యారేజీ మీద చేపల వాళ్ళు నన్ను చూసి ఆకాశంవైపు చూశారు. ఒకాయన ఉండబట్టలేక, "వానెక్కడుంది బాబూ?" అన్నాడు. లోపలుందండీ అన్నాను.

వచ్చాక తూకం 503. వాన లేకుండానే 191 గ్రాములు. కోటు లోపలివైపు పొడి తువ్వాలుతో తుడిస్తే ఆ తువ్వాలు ఇంకో 38 గ్రాములు బరువెక్కింది.

236లో 191 అంటే నూటికి 80 వంతులు చెమటే. వాన లేని రోజు గాలి కాస్త వేడిగా ఉంటుంది కాబట్టి చెమట కొంచెం ఎక్కువ పట్టి ఉంటుంది. 80ని 70 చేసినా నాకు తేలిన సంగతి మారదు: కోటు వానని బాగానే ఆపింది. నన్ను తడిపింది నేనే.

స్కూటరు మీద కూర్చునేవాడు కాళ్ళు ఆడించడు, వాడికి ఆ కోటు చాలు. సైకిలువాడి ఒళ్ళు పొయ్యి లాంటిది, పొయ్యి మీద మూత పెడితే ఆవిరి ఎక్కడికి పోతుంది?

ఇప్పటిదాకా ఖర్చు: 1,150

దశ 2: అరువు జాకెట్టు

హైదరాబాదులో ఉండే మా బావమరిది దగ్గర పొర ఉన్న ఖరీదైన జాకెట్టు ఉంది. నీటిచుక్కని రానివ్వదు, ఆవిరిని బయటికి పంపుతుంది అని దాని పేరు. రెండు వారాలు అరువు తెచ్చాను. ముసురులో అదే 18 కిలోమీటర్లు: 476 గ్రాములు. అంటే 164 గ్రాముల నీళ్ళు. 236 కన్నా నయమే గానీ, దాని ధరకి తగ్గ నయం కాదు.

కారణం జాకెట్టులో లేదు, మన గాలిలో ఉంది. ఆ పొరలోంచి ఆవిరి తనంతట తాను పోదు, లోపలి ఆవిరి పీడనం బయటికంటే ఎక్కువైతేనే పోతుంది. చెమట పట్టిన ఒంటి దగ్గర 35 డిగ్రీలు అనుకుంటే అక్కడ ఆవిరి పీడనం పాదరసం కొలతలో 42 మిల్లీమీటర్లు. మన వానలో 27 డిగ్రీల వేడి, 90 శాతం తేమ అనుకుంటే బయట 24. తేడా 18. అదే 10 డిగ్రీల చలిదేశపు వానలో, అంతే తేమలో, బయట 8 మాత్రమే, తేడా 34. ఆ జాకెట్టు అక్కడి వానకి పుట్టింది. కృష్ణ ఒడ్డున సగం పనే చేస్తుంది.

ఇంకోటి గమనించాను. కొత్తలో దాని మీద చుక్కలు తామరాకు మీద నీళ్ళలా జారాయి. నాలుగో వానకి భుజాల దగ్గర పైగుడ్డ నానిపోయి నల్లబడింది. పైగుడ్డ నానితే లోపలి పొర బాగున్నా ఆవిరికి దారి మూసుకుపోతుంది. ఉతికి, సన్నని సెగమీద ఇస్త్రీ చేస్తే మళ్ళీ చుక్కలు జారాయి. అలాగే మడతపెట్టి తిరిగిచ్చేశాను.

దశ 3: డాబా మీద పైపు

కోటు వద్దు, కింద తెరిచి ఉండే కప్పు కావాలి. రైతులు గోనెసంచి మూల లోపలికి మడిచి తలమీంచి ముసుగులా వేసుకుంటారే, అలాంటిది. చేతులు హ్యాండిల్ మీద ఉంటే ముందు భాగం దానిమీద పరుచుకోవాలి, గాలి కిందనుంచి ఆడాలి. అయితే ఏ గుడ్డ? కొట్లో అందరూ "ఇది నీళ్ళు దిగదండీ" అనేవాళ్ళే. కొలుద్దామనుకున్నాను.

1. అంగుళంన్నర పీవీసీ పైపు, 10 అడుగులది, 190 రూపాయలు. కింది అంచు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి, లేకపోతే గుడ్డ కోసుకుపోతుంది.
2. కింది మూతికి గుడ్డ ముక్క బిగించి కట్టి, పైన హోస్ క్లిప్పు. 20 రూపాయలు.
3. పైపుని మెట్ల కమ్మీకి నిలువుగా కట్టి, పైనుంచి చెంబుతో నీళ్ళు. మొత్తం నాలుగు లీటర్ల లోపే పడతాయి.
4. గుడ్డ కింద మొదటి చుక్క కనిపించినప్పుడు నీళ్ళ ఎత్తు ఎంతో కొలవాలి.

రెయిన్‌కోట్ల మీద 3,000, 5,000, 10,000 మిల్లీమీటర్లు అని రాసేది ఈ ఎత్తే. నా పైపులో 3 మీటర్లు, అంటే 3,000 దాకా చూడొచ్చు.

పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి తొంగిచూసి, "ఏం నాయనా, పైపు ఎండేస్తున్నావా?" అన్నారు. మా అమ్మ మాత్రం ఆ నీళ్ళు వృథా కానివ్వలేదు, ప్రతిసారీ కింద బకెట్టు పెట్టించి కరివేపాకు చెట్టుకి పోయించింది.

గొడుగు గుడ్డ: 45 సెంటీమీటర్లకే చుక్క. గొడుగు ఏటవాలుగా ఉంటుంది కాబట్టే దానికి అది చాలుతోంది.

వన్‌టౌన్‌లో బ్యాగులు కుట్టేవాళ్ళకి అమ్మే పారాచూట్ గుడ్డ, లోపల పూత ఉన్నది: 1 మీటరు 60 దగ్గర చెమర్చింది.

రెయిన్‌కోటు వీపు: 3 మీటర్లకీ దిగలేదు. అదే కోటు ప్యాంటు, కూర్చునే చోట కుట్టు: 20 సెంటీమీటర్లు! రెండు కాళ్ళూ కలిసే చోట నాలుగు కుట్లు ఒకచోటికి వచ్చి, పైన టేపు ఎత్తుకుపోయి ఉంది.

ఈ ఆఖరిది చూశాక సీటు దగ్గర ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క వేశాను. నా బరువులో 40 కిలోలు సీటు మీద, ఆనే చోటు 150 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకి 267 గ్రాములు. నీటి ఎత్తులో చెప్పాలంటే 2 మీటర్ల 67 సెంటీమీటర్లు. వీపు మీద వానచుక్కకి పారాచూట్ గుడ్డ చాలు, కూర్చునే చోటికి చాలదు. ప్యాంటు అక్కడే ఎందుకు ఓడిందో తెలిసింది. నేను చెయ్యబోయే కప్పు మీద ఎవరూ కూర్చోరు గనక 1.6 మీటర్ల ఎత్తు నీళ్ళు ఆపే గుడ్డ సరిపోతుంది.

ఫ్లెక్సీ బేనరు ముక్క కూడా పెట్టి చూశాను. 3 మీటర్లకీ చుక్క దిగలేదు, ఊళ్ళో ఊరికే దొరుకుతుంది. కానీ బరువు, మడిచిన చోట పగులుతుంది, పైగా ఎవరి ముఖం వీపున వేసుకుని తిరగాలన్నది వేరే తలనొప్పి. దాని పని వేరేచోట పడింది, కింద చెప్తాను.

ఖర్చు: 210. మొత్తం: 1,360

దశ 4: మొదటి కప్పు, పాడైంది

గుడ్డ 58 అంగుళాల పన్నా, రెండున్నర మీటర్లు, 350. కుట్టుకూలి 200. మా వీధి టైలరు బాబాయికి బొమ్మ గీసి చూపించాను. ఆయన గుడ్డని వేళ్ళమధ్య నలిపి, "నాయనా, సూది గుచ్చినచోటల్లా బొక్కే. బొక్కలో నీళ్ళు దిగక ఏం చేస్తాయి?" అన్నాడు. విన్నాను గానీ ఒంటబట్టలేదు.

తప్పులు వరసగా:

భుజాల మీద కుట్టు పెట్టించాను, చొక్కాకి ఉన్నట్టు. వాన నేరుగా పడేది అక్కడే. పది నిమిషాల్లో రెండు భుజాల మీదా రెండు చల్లటి గీతలు.

కత్తిరించే ముందు గుండుసూదులు గుచ్చి పట్టుకున్నాం. ఆ సూదుల బొక్కలు పూడలేదు, వెలుతురుకి ఎత్తి చూస్తే నక్షత్రాల్లా కనిపించాయి.

కుట్లకి సిలికాన్ సీలెంట్ రాశాను, 220 రూపాయల ట్యూబు. రెండోరోజు పొరలు పొరలుగా ఊడొచ్చింది. సిలికాన్ సిలికాన్ పూతకే అంటుతుంది, పాలీయూరిథేన్ పూత మీద నిలవదు. నా గుడ్డది పాలీయూరిథేన్. పూత ఏదో తెలీకుండా జిగురు కొనొద్దు.

అన్నిటికంటే పెద్దది గాలి. బ్యారేజీ మీద మొత్తం 70 గేట్లు. మొదటి పది దాటేసరికి నదివైపు గాలి కప్పులో దూరింది. కప్పు తిరగబడ్డ గొడుగులా లేచి ముఖం కప్పేసింది. ఒక్క క్షణం ఏమీ కనబడలేదు. వెనక ఆటోవాడి హారన్ ఒక్కటే వినబడింది. బ్రేకు పట్టి కాలు కింద పెట్టి, రెయిలింగు పక్కన నిలబడి కప్పు తీసి చుట్టి కారియర్‌కి కట్టేశాను. మిగతా 60 గేట్లూ తడుస్తూనే నడిపించుకుంటూ వచ్చాను.

ఖర్చు: 770, అంతా వృథా. మొత్తం: 2,130

దశ 5: రెండో కప్పు

మళ్ళీ అదే గుడ్డ, రంగు మాత్రం నారింజ. మొదటిది బూడిదరంగు, ముసురులో లారీ డ్రైవరుకి మనిషి ఉన్నట్టే తెలీదు.

1. మెడ నుంచి ముందుకి 44 అంగుళాలు, వెనక్కి 36. భుజాల మీద కుట్టు లేకుండా ఒకటే గుడ్డ, మధ్యలో తలకి కంత. నా ఎత్తు 5 అడుగుల 7. మీరు పొడవైతే ముందు భాగమే పెంచండి, వెనకది పెంచితే చక్రంలో పడుతుంది.
2. గుండుసూదుల బదులు బట్టల క్లిప్పులు.
3. సన్న సూది, 11 నంబరు. కుట్టు మరీ దగ్గరగా వద్దు, బొక్కలు ఎక్కువవుతాయి. జీన్సు ప్యాంటు పక్కన వేసే మడతకుట్టు వేయించాలి.
4. లోపల వీపు మధ్యన ఒక నాడా. దాన్ని నడుముకి కట్టుకుంటే వెనక భాగం లేవదు.
5. ముందు అంచున రెండు ఎలాస్టిక్ ఉంగరాలు, బొటనవేళ్ళకి. హ్యాండిల్ పట్టుకున్నంతసేపూ కప్పు బిగిసి పందిరిలా నిలబడుతుంది.
6. కుట్ల మీద ఇస్త్రీపెట్టెతో అతికే టేపు, లోపలి పూతవైపు. పైన పలచటి నూలుగుడ్డ వేసి ఇస్త్రీ చెయ్యాలి. నేను వెయ్యకుండా మొదలుపెట్టి రూపాయి బిళ్ళంత మేర కాల్చాను. దానికి మాసిక.

టైలరు బాబాయి ఈసారి కూలి 250 అన్నాడు. "గుడ్డ జారిపోతోంది, మిషను కింద నిలవట్లేదు" అని. న్యాయమే, ఇచ్చాను.

బరువు 340 గ్రాములు, రెయిన్‌కోటు జతలో సగంకూడా లేదు. అదే 18 కిలోమీటర్లు, ముసురు, 1 గంట 15 నిమిషాలు. తూకం 401, అంటే 89 గ్రాములు. నిక్కరు అంచులు, చొక్కా కాలరు తడిశాయి. వీపు దాదాపు పొడి.

లోపాలూ ఉన్నాయి. ఎదురుగాలిలో వేగం 18 నుంచి 15కి పడింది. చెయ్యి చూపించి మలుపు తిరగాలంటే ఉంగరం లోంచి వేలు తియ్యాలి, ముందు అలవాటు చేసుకోవాలి. పక్కగాలి బలంగా ఉన్నరోజు నాడా కట్టినా బ్యారేజీ మీద కప్పు వేసుకోను, దిగి నడుస్తాను.

ఖర్చు: గుడ్డ 350, కూలి 250, టేపు 340, ఎలాస్టిక్ నాడాలు 60. మొత్తం: 3,130

దశ 6: కిందనుంచి వచ్చే వాన

పైన కప్పు కుదిరాక తెలిసింది, సగం వాన రోడ్డు మీంచి పైకి వస్తుందని. మడ్‌గార్డులు లేని సైకిలుకి ఏ కప్పూ పనికిరాదు. జత 320. ముందు మడ్‌గార్డు పాదాలదాకా రాదు, అందుకే దాని కింద ఫ్లెక్సీ ముక్క అరచెయ్యంత కత్తిరించి రెండు బోల్టులతో వేలాడదీశాను. బూట్ల మీద పడే బురద ఆ రోజే ఆగిపోయింది. ఈ డైరీ మొత్తానికి పైసా ఖర్చులేని మంచిపని అదొక్కటే.

తర్వాత తుళ్ళూరు వైపు ఒక డొంకలోకి దిగి బుద్ధి తెచ్చుకున్నాను. నల్లరేగడి. వంద గజాల్లో టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుని చక్రం తిరగడం మానేసింది. సందు 8 మిల్లీమీటర్లే ఉంచాను మరి. పుల్లతో తవ్వి, సైకిలు భుజానేసుకుని రోడ్డెక్కాను. ఇప్పుడు సందు 20 మిల్లీమీటర్లు, రేగడి డొంకల్లోకి వానాకాలం దిగను.

పాదాలు: బూట్ల మీద తొడిగే రబ్బరు తొడుగులు కొన్నాను, 280. పైనుంచి పిక్కలమీదుగా కారిన నీళ్ళు లోపల చేరి బయటికి పోలేదు. ఒక్కో బూటూ చెంబే. ఎడమ బూటు వంచి కొలపాత్రలో పోస్తే 110 మిల్లీలీటర్లు. తర్వాత వెనక పట్టీ ఉన్న శాండిల్సు, 850. తడుస్తాయి, ఆరతాయి, అంతే. మన వాన చలివాన కాదు, పాదం తడిస్తే ప్రాణం పోదు. నానిన పాదం బూటులో గంటల తరబడి ఉంటేనే ముప్పు.

ఖర్చు: 1,450, అందులో తొడుగుల 280 వృథా. మొత్తం: 4,580

దశ 7: లోపలి బట్టలు, తల, సంచి

నూలు టీషర్టు, పాలియెస్టర్ జెర్సీ, రెండిటినీ ముంచి, పిండి, ఫ్యాను కింద వేశాను. నూలుది పొడిగా 168, పిండాక 395, రెండు గంటలకి 290. జెర్సీ 132, పిండాక 205, రెండు గంటలకి 134. ఇంతకంటే రాయడానికేం లేదు. జీన్సు తూచను కూడా తూచలేదు.

నూలు నిక్కరుతో తడిసి 40 కిలోమీటర్లు తొక్కితే తొడలు ఒరుసుకుపోయి రెండురోజులు కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాను. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇప్పుడు సాగే పాలియెస్టర్ నిక్కరు, బయల్దేరేముందు వ్యాజిలైను. కొబ్బరినూనె రాసి చూశాను, గంటలో వానకి కొట్టుకుపోయింది.

తలకి హుడ్ వద్దు. తల తిప్పితే హుడ్ తిరగదు, వెనకొచ్చే లారీ చప్పుడు వినబడదు. హెల్మెట్ కింద ముందుకు అంచున్న టోపీ, 120. కళ్ళద్దాల మీద చుక్కలు పడకుండా ఆపేది అదే. కప్పు వెనక మెరిసే టేపు, 90. పొడిబట్టలు మందపాటి ప్లాస్టిక్ కవర్లలో, ఒకదానిలో ఒకటి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు, 40. అన్నిటికంటే ముఖ్యమైన గుడ్డలు అవే, దారిలో విప్పకూడదు.

ఖర్చు: 250. మొత్తం: 4,830. అందులో వృథా 1,050. స్కూటరు కోటు స్కూటరుకే పనికొచ్చింది, దాన్ని వృథాలో వెయ్యలేదు.

దశ 8: సూర్యలంక దారి

పొద్దున్న అయిదుంబావుకి బయలుదేరాను. గుంటూరు దాకా జల్లు, కప్పు వేసుకోలేదు, అలాగే తడిశాను. హైవే మీద లారీలు లేపే తుంపర మట్టుకు వానకంటే ఘోరం. చేబ్రోలు దాటాక మబ్బు దిగింది, కప్పు. పొన్నూరు దగ్గర కుండపోత, పిడుగులు. ఆ వానకి ఏ గుడ్డా లేదు. పొలాల్లో తాడిచెట్ల కింద ఆగేవాళ్ళు కనిపించారు, అరిచి పిలిచి టీకొట్టు పందిట్లోకి రమ్మన్నాను. పిడుగు మొదట వెతికేది తాడిచెట్టునే. 50 నిమిషాలు అక్కడే, రెండు టీలు. ఒకచోట రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగిన తర్వాత, అడుగు కనబడని నీళ్ళలోకి చక్రం దించనని ఇంట్లో మాటిచ్చాను. నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్ళాను.

బాపట్ల గదిలో కవరు విప్పితే పొడిబట్టలు పొడిగానే ఉన్నాయి. కాటా కూడా మోసుకెళ్ళాను, 400 గ్రాముల దండగ బరువు. కప్పు కింద చొక్కా, నిక్కరు 437. 125 గ్రాములు, ఆగిన సమయం పోను అయిదున్నర గంటల తొక్కుడుకి.

తిరిగొచ్చాక కప్పు తడిగా మడవలేదు. తడిగా మడిచి అటకెక్కిస్తే పూత జిగటపట్టి పొట్టులా రాలుతుంది, మా నాన్న పాత రెయిన్‌కోటు సాక్షి. నీడన రెండురోజులు ఆరేసి హ్యాంగరుకి తగిలించాను.

మా వీధిలో పాలుపోసే అబ్బాయి దాన్ని చూసి కొలతలు అడిగాడు. ఆరడుగుల మనిషి, ముందు భాగం 47 అంగుళాలు పెట్టమని టైలరు బాబాయికి చీటీ రాసిచ్చాను. నా దానికి మెడకంత చుట్టూ టేపు మళ్ళీ ఎత్తుకొస్తోంది, వంపు తిరిగేచోట నిలవట్లేదు. ఈసారి టేపుని అంగుళం ముక్కలుగా కోసి, ఒకదానిమీద ఒకటి ఎక్కించి వేసి చూడాలి.